మామిడికాయలు తెంపే కట్టె

వికారాబాదులో మా పుట్టింటి వెనక గోడకు ఒక పొడుగు కట్టె ఆనించి ఉంటుంది. కొసకు ఇనుప కొక్కెం, కొక్కేనికి చిన్న వల. మామిడికాయలు తెంపడానికి మా నాన్న చేయించిన కట్టె. ఆ ఇంటికి వచ్చేవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు. నేను మాత్రం గేటు తీయగానే ముందు దానికోసమే చూస్తాను, ఇంకా ఉందా అని. ఉంటుంది. ఆ కట్టె కొసతో మా వదిన నాకు పద్నాలుగు రోజులు అన్నం పెట్టింది.

పెట్టింది అనేది ఆమె మాట. నూకింది అనేది నా మాట.

అది కరోనా వచ్చిన మొదటి ఏడాది. నాన్న సంవత్సరీకానికి తాండూరు నుంచి వచ్చాను. కార్యం అయిన మూడో రోజు నాకు జ్వరం వచ్చింది. పరీక్ష చేయిస్తే ఉందన్నారు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి నా సంచి, నా చెప్పులు, పక్కబట్టలు వెనకవైపు రేకుల గదిలోకి చేరిపోయాయి. కంది బస్తాలు, పాత సైకిలు, చేనుకు మందు కొట్టే పంపు ఉండే గది అది. అందులో పురుగుమందు వాసన ఏడాది పొడవునా పోదు. నన్ను ఎవరూ లోపలికి తీసుకుపోలేదు. అన్న దూరం నుంచి వేలితో చూపించాడు.

వదిన మూతికి రెండు పొరల గుడ్డ కట్టుకుని వాకిట్లో నిలబడేది. సత్తు పళ్లెంలో అన్నం, పప్పు పెట్టి, నేల మీద పెట్టి, ఆ కట్టెతో నా గడప దాకా నెట్టేది. బండల మీద పళ్లెం గరగర మనేది. పప్పు తొణికి అంచు మీదుగా కారేది.

"ముట్టకు, ముట్టకు. జర వెనక్కి జరుగు. నేను నూకినంక తీస్కో."

నాన్న కుక్కను పెంచిన రోజుల్లో దానికి పెట్టిన పళ్లెం అదో కాదో నాకు తెలియదు. అదే అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

రోజూ ఉడికించిన గుడ్డు పెట్టింది, నిజమే. వేడినీళ్లు పెట్టింది, నిజమే. అయిదో రోజు నాకు వాసన, రుచి రెండూ పోయాయి. పళ్లెం నెట్టి వదిన అడిగింది.

"పచ్చిపులుసు ఎట్లున్నది?"

"ఏం తెలుస్తలేదు వదినా."

"మంచిగైంది పో. ఉప్పెక్కువైందని మీ అన్న ముట్టలేదు. నీకు బాగుంటది."

నవ్వింది. వంటింటి కిటికీలోంచి అన్న కూడా నవ్వాడు. ఆ పులుసు నేను తాగాను. రుచి తెలియలేదు గాని నాలుక మండింది.

పద్నాలుగో రోజు నేను స్నానం చేసి బయటికి వచ్చేసరికి పెరట్లో పొగ లేస్తోంది. పళ్లెం చెత్తకుప్ప మీద ఉంది. మంటలో ఉన్నది బొంత. అమ్మ తన పాత చీరలన్నీ పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత. అమ్మ పోయాక అందులోనే ఆమె చీరలు మిగిలాయి. ఆ పద్నాలుగు రోజులు నేను దాని మీద పడుకున్నాను.

"ఎవ్వల్ని అడిగి కాలవెట్టినవ్?" అన్నాను.

"ఎవ్వల్నడగాలె? రోగం బట్టలు గవి. పెట్టెల పెట్టి పూజ జెయ్యమంటవా?"

ఉతికి ఎండలో వేస్తే సరిపోయేది. ఆ మాట ఆ రోజూ చెప్పాను, తర్వాత ప్రతి పండక్కీ చెప్పాను. "ఇంక గదేనా?" అంటుంది వదిన. అవును, ఇంకా అదే.

రెండో ఏడాది ఎండాకాలం అన్నకు వచ్చింది. అప్పుడు నేను గుర్తొచ్చాను.

"చెల్లె, నువ్వే రావాలె. మీ వదినకింక పొయ్యలేదు."

"ఆమెకు పొయ్యకుంటే నన్నెందుకు పిలుస్తున్నవ్ అన్నా?"

"నీకు పోసిపోయింది గదనే. నీకేం గాదు."

ఇక్కడ మా ఇళ్లలో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. ఆటలమ్మ పోసి ఒళ్లంతా పొక్కులు లేచినప్పుడు, అంతకుముందు పోసినవాళ్లే రోగి దగ్గర ఉంటారు. వేపమండలతో విసిరేది వాళ్లే, నీళ్లు పోసేది వాళ్లే. పోయనివాళ్లు ఆ గడప తొక్కరు. ఒకసారి పోసిన ఒంటికి తల్లి మళ్లీ రాదని నమ్మకం. ఆటలమ్మ విషయంలో ఆ నమ్మకం చాలావరకు నిలబడింది కూడా. మా వాళ్లు దాన్ని తీసుకొచ్చి ఈ కొత్త రోగానికి తగిలించారు. రోగం పేరు పలకడం రాని రోజుల్లోనే దానికి 'పోయడం' అనే మాట అతికించారు. మాట అతికాక పద్ధతి దానంతటదే వచ్చింది.

నేను పుట్టింటికి పోయాను. పది రోజులు అన్న ఒళ్లు తుడిచాను, వాంతులు ఎత్తాను. మూతికి గుడ్డ కూడా కట్టుకోలేదు. కట్టుకుంటే నాకే నమ్మకం లేనట్టు అవుతుందనిపించింది. వదిన ముందు గదిలో లోపలి గడియ పెట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి పక్కింటావిడతో ఆమె అన్న మాట నాకు వినబడింది.

"మా ఆడబిడ్డది ఇనుప పానం అక్కా. గామెను చూస్తే రోగమే భయపడ్తది."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఆ విడత ఏమీ రాలేదు. దాంతో పద్ధతి రుజువైపోయింది. అన్న లేచి తిరిగాక నాకు చీర పెట్టలేదు, నీవల్ల బతికాననీ అనలేదు. పోసినవాళ్లు చేయడం మామూలే కదా.

ఆ తర్వాతి ఏడాది చలికాలం నాకు రెండోసారి వచ్చింది. యాలాల్ మండలంలో ఒక ఊరి బడిలో పాఠాలు చెబుతాను. రెండు తరగతులు ఒకే గదిలో, పిల్లలంతా ముక్కులు చీదుతూ ఉన్న వారం అది. జ్వరం వచ్చి తాండూరులో పరీక్ష చేయించుకుంటే మళ్లీ ఉందన్నారు. నాకే నమ్మబుద్ధి కాలేదు. కరోనా టీకా రెండు సూదులు కూడా పడ్డాయి అప్పటికి. అన్నకు ఫోన్ చేస్తే వదిన ఎత్తింది.

"రెండోసారా? ఒక్కపారి వచ్చినోళ్లకు మళ్ల రాదు. బడికి పోబుద్ధి గాకుంటే సెలవు పెట్టుకో. గీ రోగం పేరెందుకు చెప్తవ్?"

"కాయితం ఉంది వదినా. చూపియ్యాల్నా?"

"కాయితాలు మస్తుగ పుడ్తయి."

నన్ను అబద్ధాలకోరు అంది. నా జీవితంలో నన్ను చాలామంది చాలా అన్నారు. అబద్ధమాడానని ఆమె ఒక్కతే అంది.

అప్పుడు నన్ను చూసిన డాక్టరు ఓపిక ఉన్న మనిషి. ఒకసారి వచ్చింది కదా సార్, మళ్లీ ఎలా వచ్చిందని అడిగితే నవ్వలేదు.

"దీన్ని ఆటలమ్మతోటి పోల్చకండి మేడం. వచ్చిపోయినంక కొన్నాళ్లు ఒంట్ల కాపలా గట్టిగుంటది. తర్వాత పల్చబడ్తది. రోగం గూడ మారుతుంటది. సూదులు పానం మీదికి రాకుండ చాలావరకు కాపాడ్తయి గాని అసలు రానే రాదని చెప్పలేం."

"ఇగ ఎన్నిసార్లొస్తది?"

"ఇగ మనతోటే ఉంటది. మీకు జలుబు లెక్క పోవచ్చు. మీ పక్కన కూసున్న మనిషికి అట్ల పోకపోవచ్చు."

ఆ చివరి మాట నాకు బాగా గుర్తుంది. నాకు తెలియదని తర్వాత నేను ఎవరికీ చెప్పలేను.

రోజులు గడిచాయి. రేషను దుకాణం ముందు గీసిన సున్నపు గుండ్రాలు చెరిగిపోయాయి. మూతి గుడ్డలతో జనం స్కూటర్లు తుడుచుకున్నారు. రోగం పోలేదు. దాని పేరు పోయింది. 'గా జ్వరమే, నాలుగొద్దులుంటది' అనడం మొదలుపెట్టారు. ఈలోగా నేను మూడో సూదీ వేయించుకున్నాను. వదినకు కీళ్లవాతం వచ్చింది. వేళ్లు పొద్దున పూట ముడుచుకుపోయి పదింటి దాకా విచ్చుకునేవి కావు. వారానికోసారి వేసుకునే మాత్ర రాశారు. ఆ మాత్ర వేళ్లను విప్పింది. కానీ రోగాలను తట్టుకునే శక్తిని తగ్గిస్తుందని, దగ్గులు జ్వరాలు ఉన్నవాళ్లకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడట. అన్న నాకు ఫోన్లో చెప్పాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఇక నా ఒడిబియ్యం సంగతి. అయిదేళ్లకోసారి పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడి నింపాలి. నాది ఆ మొదటి ఏడాదే రావాలి. కరోనా అని ఆగింది. తర్వాత అన్నకు బాగాలేదని, తర్వాత వదిన కీళ్లని ఆగింది. నేను వదలలేదు. ప్రతి ఫోన్లోనూ అడిగాను. ముత్తయిదువలు పోస్తే చాలదు, వదిన తన చేతులతో, నా ముందు వంగి, పసుపు రాసి, బొట్టు పెట్టి పోయాలి. కట్టెతో నెట్టిన చేతులు దగ్గరికి రావాలి. నాకు కావలసింది అదే. చివరికి పోయిన ఏడాది శ్రావణంలో ఒక ఆదివారం పెట్టారు.

శుక్రవారం నుంచి నాకు దగ్గు. తాండూరులో దగ్గుకు ఎవరూ తల తిప్పరు. మా ఆయన నాపరాళ్ల పాలిషింగ్ దగ్గర పని చేస్తాడు, ఇరవై ఏళ్లుగా దగ్గుతూనే ఉన్నాడు. నా దగ్గు ఆయన దగ్గులో కలిసిపోయింది. కానీ శనివారం సాయంత్రం నా ఒళ్లు వెచ్చబడింది. ఆ వేడి ఏమిటో నాకు తెలుసు. బీరువాలో చీరల కింద ఇంట్లోనే చూసుకునే పరీక్ష కిట్టు ఒకటి ఉంది, రెండోసారి వచ్చినప్పుడు కొన్నవాటిలో మిగిలింది. తీశాను. గడువు తీరలేదు, చూసుకున్నాను. మళ్లీ చీరల కింద పెట్టేశాను.

ఆదివారం పొద్దున వదినే ఫోన్ చేసింది.

"చెల్లె, గొంతు బొంగురుగున్నదేంది? దగ్గుతున్నవా?"

"తాండూరోళ్ల దగ్గు వదినా. రాళ్ల దుమ్ము."

"జర పరీక్ష చేయించుకో. నా మందుల సంగతి నీకెరికే గదా. వచ్చే ఆదివారం పెట్టుకుందం."

"ఒక్కపారి వచ్చినోళ్లకు మళ్ల రాదని నువ్వే చెప్తివి గదా? నాకు రెండుసార్లొచ్చె. మూడు సూదులు పడె. ఇగ నాకెందుకొస్తది?"

ఆమె మాట ఆమెకే అప్పగించాను.

"సరే, రా," అంది.

రైలెక్కాను. ధారూరు దాకా దగ్గు ఆగలేదు. ఎదురుగా కూర్చున్నావిడ తన బిడ్డను తీసుకుని వేరే సీటుకు పోయింది. అదీ గుర్తుంది.

ఇంట్లో పీట వేశారు. నన్ను తూర్పు ముఖంగా కూర్చోబెట్టారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె గుడ్డ. నలుగురు ముత్తయిదువలు చుట్టూ నిలబడ్డారు. వదిన మూతికి మాస్కు పెట్టుకుని వచ్చింది.

"గదేంది వదినా?" అన్నాను.

"ఏం గాదు, డాక్టర్ పెట్టుకొమ్మన్నడు."

"ఒడి నింపేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటరా? నేనేమన్న పీనుగునా? నా ఒడి వద్దు, నీ బియ్యం వద్దు. లేస్త."

లేవబోయాను. ముత్తయిదువల్లో ఒకావిడ, "తియ్యమ్మా, ఆడబిడ్డ మనసు కష్టపెట్టొద్దు, ఒక్క గడియకు ఏమైతది," అంది. వదిన అన్న వైపు చూసింది. అన్న కుడుకల వైపు చూశాడు. ఆమె మాస్కు తీసి బొడ్లో దోపుకుంది.

నా కాళ్లకు పసుపు రాసింది. ఆ వేళ్లతో రాయడం కష్టమే. నా మెడకు గంధం పూసింది. బొట్టు పెట్టింది. రెండు చేతులతో బియ్యం ఎత్తి అయిదుసార్లు పోసింది. పోసిన ప్రతిసారీ ఆమె ముఖం నా ముఖానికి జానెడు దూరంలోకి వచ్చింది. మూడోసారికి నాకు దగ్గు ఆగలేదు. భుజంలోకి దగ్గాను, అంతా కాదు. అయిదుసార్లూ అయ్యాక నేను అయిదు పిడికిళ్లు తిరిగి ఆమె కొంగులో వేశాను. అదీ పద్ధతే. ఆ రోజు నా కడుపు నిండింది. ఇన్నేళ్ల తర్వాత ఆ ఇంట్లో నాకు జరగాల్సింది జరిగిందనిపించింది.

బుధవారం అన్న ఫోన్ చేశాడు. వదినకు జ్వరం, ఆయాసం.

ఫోన్ పెట్టేసి బీరువా తీశాను. ఈసారి చూసుకున్నాను. రెండో గీత పలచగా వచ్చింది, నా రోగం అప్పటికే పోతోంది. నాకు అది నాలుగు రోజుల జలుబు. డాక్టరు చెప్పినట్టే.

వదినను వికారాబాదు ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచి, అక్కడి నుంచి పట్నం తీసుకుపోయారు. మూడు వారాలు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నారు. ఆ మూడు వారాలూ కీళ్ల మాత్ర ఆపేశారు. ప్రాణంతో ఇంటికి తెచ్చారు గాని, ముక్కులో గొట్టం, మంచం పక్కన రోజంతా గురగురలాడే ఆక్సిజన్ మిషను. వంటింటి దాకా నడిస్తే మధ్యలో రెండుసార్లు కూర్చోవాలి. చేతి వేళ్లు ఎప్పటికీ విచ్చుకోని పిడికిళ్లలా అయిపోయాయి.

అన్న మళ్లీ ఫోన్ చేశాడు.

"రా చెల్లె. నాకొక్కనికి అయితలేదు. నీకేం గాదు గదా."

ఇంత జరిగాక కూడా ఆ మాటే అన్నాడు. పోయాను. బడికి సెలవు పెట్టాను. ఈసారి నిజమేనా అని ఎవరూ అడగలేదు.

మొదటి మధ్యాహ్నం మెత్తగా అన్నం పిసికి, చారు పోసి తీసుకుపోయాను. అన్న మందులకు బజారుకు పోయాడు. నేను మంచం దగ్గర కూర్చుని ముద్ద ఎత్తాను. వదిన నోరు తెరవలేదు.

"ఒక్కటడుగుత చెప్పు." ప్రతి మాటకూ ఊపిరి తీసుకుంటోంది. "ఆ పొద్దు నీకు ఎరికెనా?"

పరీక్ష చేసుకోలేదు కాబట్టి తెలియదని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ నన్ను అబద్ధాలకోరు అన్నది ఈ మనిషే. ఆమెకు ఆ పట్టు ఇవ్వదలుచుకోలేదు.

"ఎరికనే," అన్నాను.

ఆమె ఏడవలేదు.

"బొంతకా?"

"బొంతకు. పళ్లేనికి. రెండోసారి వస్తే అబద్ధం అన్నందుకు."

"పళ్లెం కింద పెట్టు."

పెట్టాను.

"లే. బయటికి పో. కట్టె గోడకే ఉన్నది. దాంతోటి నూకు. దగ్గరికి రాకు."

నేను తెచ్చాను. ఎందుకు తెచ్చానని ఇప్పుడు అడిగితే, ఆమె అడిగింది కాబట్టి తెచ్చాను. గడప అవతల నిలబడి కొక్కెం వైపు పట్టుకుని, వెనక కొసతో పళ్లేన్ని మంచం దాకా నెట్టాను. అదే గరగర. చారు తొణికింది. ఆమె గొట్టం సర్దుకుని, మంచం అంచుకు జరిగి, కిందికి వంగి పళ్లెం అందుకోబోయింది. వేళ్లు మూసుకునే ఉన్నాయి. మణికట్లతో రెండువైపులా నొక్కి ఎత్తింది. మోకాలి దాకా వచ్చి పళ్లెం జారింది. అన్నమంతా బండల మీద పడింది.

నేను లోపలికి పోలేదు. ఆమె పిలవలేదు. పిలిస్తే పోయేదాన్ని. ఆమె వంగి నేల మీద అన్నాన్ని పిడికిలితో ఒక పక్కకు తోసుకుంటూ కూర్చుంది, ఆయాసంతో. అన్న వచ్చేదాకా ఇద్దరం అట్లాగే ఉన్నాం. ఆయన కట్టెను చూశాడు, నన్ను చూశాడు, నేలను చూశాడు.

"నీకు మనసెట్ల వచ్చిందే?" అన్నాడు.

"ఆ పద్నాలుగొద్దులు ఈ మాట ఆమెనెందుకు అడగలేదన్నా?" అన్నాను.

"ఆమె భయపడి చేసింది. నువ్వేం భయపడి చేసినవ్?"

నేను కట్టెను తీసుకుపోయి మళ్లీ గోడకు ఆనించాను.

వదిన బతికే ఉంది. మిషను కూడా ఉంది. నెలకోసారి పోతాను, పోకుండా మాత్రం ఉండను, అది నా పుట్టిల్లు. గేటు దగ్గర అన్న ఆపుతాడు. అక్కడే నిలబెట్టి ముక్కులో పుల్ల పెట్టి చూడమంటాడు. పావుగంట రోడ్డు మీద నిలబడతాను, పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూస్తుండగా. ఒక్క గీతే వస్తుంది. చూపిస్తాను. అయినా లోపలికి రమ్మనడు. రేకుల గది ముందు కుర్చీ వేస్తాడు. ఇప్పుడు వంటకు పెట్టుకున్నావిడ పళ్లెం తెచ్చి గోడ మీద పెట్టి పోతుంది. కిటికీలోంచి మిషను గురగుర వినబడుతుంది. వదిన దగ్గు వినబడుతుంది. పక్క మీద అటు తిరిగి పడుకుంటుందట, నేను వచ్చిన రోజు.

ఈ పళ్లెం నాకు తగిందే. నేను సంపాదించుకున్నదే. కానీ మొదటి పళ్లెం తగింది కాదు. ఇది పెట్టారని అది చెల్లిపోయిందంటే ఒప్పుకోను. చేయి కడుక్కుని, కట్టె గోడకు ఉందో లేదో చూసుకుని, స్టేషనుకు పోతాను.